పాత ల్యాప్‌టాప్‌కు మీరే ర్యామ్ వేసుకోవడం ఎలా?

సంక్రాంతికి ఇంటికి వెళ్తే మా అక్క తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "దీన్ని అమ్మేయమంటావా, ఇంకో రెండేళ్లు లాక్కొస్తుందా, చూసి చెప్పరా" అంది. 2015లో కొన్నది. ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె పనంతా ఎక్సెల్‌లో మార్కులు, క్రోమ్‌లో ఏడెనిమిది ట్యాబులు, ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు. ఇవన్నీ తెరిచి ఉంటే ఒక ట్యాబు మీద నొక్కిన తరువాత అది తెరుచుకునే దాకా బాణం గుర్తు బదులు చక్రం తిరుగుతూనే ఉంటుంది. లోపల డిస్కు గరగరలాడుతుంటుంది.

ఇలాంటి ల్యాప్‌టాప్ మీ ఇంట్లోనూ ఉంటే ఇది మీకోసమే. ర్యామ్ వేయడం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని అరగంటకు మించదు. చిక్కంతా అంతకుముందే ఉంది. నెమ్మదికి కారణం ర్యామ్ చాలకపోవడమేనా, అయితే ఏ రకం ర్యామ్ కొనాలి అన్న రెండు ప్రశ్నల దగ్గరే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. ఒకసారి నేనూ పోగొట్టుకున్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

జబ్బేమిటో ముందు తేల్చుకోండి

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే కొలవకండి. మొదటి పది నిమిషాలు విండోస్ తన అప్‌డేట్లు, వైరస్ తనిఖీలు చూసుకుంటుంది కాబట్టి అప్పుడు ఏ పాత యంత్రమైనా మూలుగుతుంది. అది సద్దుమణిగాక మీరు రోజూ వాడేవన్నీ తెరవండి. ఆ తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే భాగానికి వెళ్లండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ మూడూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఐదు నిమిషాలు మామూలుగా పని చేసుకుంటూ మధ్యమధ్యలో వాటి మీద ఓ కన్నేయండి.

అక్క ల్యాప్‌టాప్‌లో మెమరీ 92 శాతం దగ్గర, డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయాయి. సీపీయూ మాత్రం 30 దాటలేదు. ఇది ర్యామ్ చాలని యంత్రం లక్షణం.

ఎందుకంటే, ర్యామ్‌ను వంటింటి గట్టు అనుకోండి. కోసిన కూరలు, పోపుల డబ్బా, గిన్నెలు అన్నీ చేతికందేలా దాని మీదే ఉండాలి. గట్టు చిన్నదైతే ఇప్పుడు అక్కర్లేని గిన్నెను అటక మీద పెట్టి, కావలసినప్పుడు నిచ్చెన వేసుకుని దించుకోవాలి. విండోస్ చేసేది అదే. ర్యామ్ నిండగానే కొంత సరుకును డిస్క్‌లోని పేజ్ ఫైల్ అనే చోటికి ఎక్కిస్తుంది, మళ్లీ అవసరమైతే దించుతుంది. ర్యామ్ నుంచి ఒక సమాచారం అందడానికి పట్టేది సెకనులో కోటో వంతు. తిరిగే హార్డ్ డిస్క్‌కు సెకనులో నూరో వంతు. రెంటికీ తేడా లక్ష రెట్లు. మీకు వినిపించే గరగర ఈ నిచ్చెన చప్పుడే.

మీ లెక్కలు వేరుగా ఉంటే మందు కూడా మారుతుంది. మెమరీ 50, 60 శాతం దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 చూపిస్తోందా? అయితే మీకు కావలసింది ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పులతోనే పనిచేసే డిస్కు), ర్యామ్ కాదు. సీపీయూ ఎప్పుడూ 100 దగ్గరే ఉంటే ముందు ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి చూడండి. దుమ్ము పేరుకుని గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ ఉండవచ్చు. దుమ్ము దులిపితే పోయేదానికి ర్యామ్ కొనడం దేనికి? అలాగే 8 జీబీ ఉన్న యంత్రంలో 5 జీబీకి మించి వాడకం లేకపోతే 16 చేసినా మీకు పెద్దగా తేడా తెలియదు. పది మందికి వండే గట్టు మీద ఇద్దరికి వండినంత మాత్రాన అన్నం త్వరగా ఉడకదు కదా.

చోటుందా, లేదా

టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే కింద కుడివైపు చిన్న అక్షరాలతో కొన్ని వివరాలుంటాయి. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట 2లో 1 అని ఉంటే ఒక స్లాటు, అంటే ర్యామ్ గుచ్చే చోటు, ఖాళీగా ఉన్నట్టు. దాని కిందే ఫామ్ ఫ్యాక్టర్ ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే ఊడదీసి మార్చుకునే రకం. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్ చిప్పులను మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన బోర్డుకే) అతికించేశారని అర్థం. అలాంటి చోట మీరు చేయగలిగిందేమీ లేదు.

పలుచగా, తేలిగ్గా ఉండే ల్యాప్‌టాప్‌లు కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఇది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో మొదటినుంచీ ర్యామ్ అతికించే వస్తోంది. మ్యాక్‌బుక్ ప్రోలలో 2012లో వచ్చిన రెటీనా తెర మోడళ్లతో ఆ పద్ధతి మొదలైంది. అదే ఏడాది వచ్చిన, రెటీనా లేని 13 అంగుళాల ప్రోకు మాత్రం రెండు స్లాట్లున్నాయి. ఆపిల్ దానికి 8 జీబీ అనే చెప్పింది కానీ 16 వేసినా చక్కగా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ వివరాల్లో ఎల్పీడీడీఆర్ అని మొదలయ్యే పేరు కనబడితే, కొత్తగా వస్తున్న ఒకటి రెండు రకాలు తప్ప, అది అతికించిన ర్యామ్ అనుకోవచ్చు. మధ్యేమార్గం మోడళ్లూ ఉన్నాయి. వాటిలో 4 జీబీ బోర్డు మీదే ఉంటుంది, పక్కన ఒక స్లాటు వదిలేస్తారు.

టాస్క్ మేనేజర్ చెప్పే స్లాట్ల లెక్కను పూర్తిగా నమ్మకండి. అతికించిన చిప్పులను కూడా అది స్లాట్లుగా లెక్కేసిన సందర్భాలున్నాయి. మీ మోడల్ పేరు, సంఖ్య ల్యాప్‌టాప్ అడుగున అంటించి ఉంటాయి. వాటితో తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో మరమ్మతు పుస్తకం వెతకండి. లెనోవో వాళ్లు దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు, హెచ్‌పీ వాళ్లు మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటారు. ఉచితంగానే దొరుకుతాయి. ఎన్ని స్లాట్లున్నాయి, ఎంత ర్యామ్ దాకా పడుతుంది, ఏ స్క్రూ ఎక్కడుంది అన్నీ బొమ్మలతో ఉంటాయి. వీడియోలు చూడండి, తప్పులేదు. కానీ వీడియోలోని ల్యాప్‌టాప్ మీదానికి అన్నో తమ్ముడో అయి ఉండవచ్చు, పుస్తకం మాత్రం మీ మోడల్‌దే.

ఇంకొక్కటి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. 32 బిట్ అని ఉంటే 4 జీబీకి మించి ఎంత ర్యామ్ వేసినా ఆ విండోస్ వాడుకోలేదు. ముందు 64 బిట్ విండోస్ వేయించుకోవాలి, అంటే ఫైళ్లన్నీ బయట దాచుకుని మొదటినుంచీ ఎక్కించుకోవాలి. అక్కది 64 బిట్టే కాబట్టి బతికిపోయాం.

పాత ర్యామ్ మీది చీటీ చదవడం

కొనే ముందు ఒకసారి ల్యాప్‌టాప్ తెరిచి, లోపలున్న ర్యామ్‌ను ఫోటో తీసుకోవడమే అన్నిటికంటే మంచి పద్ధతి. ఎలా తెరవాలో కింద ఉంది. అక్క ల్యాప్‌టాప్‌లోని ర్యామ్ మీద తెల్లచీటీ ఉంది. దాని మీద ఇలా రాసి ఉంది:

4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్-11

(చీటీ మీద ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి.) ఇది చదవడం వస్తే దుకాణంలో మిమ్మల్నెవరూ మోసం చేయలేరు.

4 జీబీ ఎంతన్నది తెలుస్తూనే ఉంది. 1ఆర్ఎక్స్8 అంటే చిప్పుల అమరిక: చిప్పులన్నీ ఒకే జట్టు, ఒక్కో చిప్పు ఒకేసారి 8 బిట్లు అందిస్తుంది, కాబట్టి 64 బిట్లకు ఎనిమిది చిప్పులు. లెక్కపెట్టి చూశాను, ఎనిమిదే. పీసీ3 అంటే ర్యామ్‌లలో డీడీఆర్3 అనే తరం. పక్కనున్న ఎల్ అక్షరాన్ని మాత్రం ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి. అది తక్కువ వోల్టేజీ రకమని చెబుతుంది. 12800 అంటే సెకనుకు అన్ని మెగాబైట్లు పంపగలదని. దాన్ని 8తో భాగిస్తే 1600 వస్తుంది, దుకాణాల్లో చెప్పే వేగం అదే. ఎస్ అంటే ల్యాప్‌టాప్ రకం. అక్కడ యూ ఉంటే అది డెస్క్‌టాప్‌ది. చివరి 11 స్పందించే ఆలస్యానికి కొలత, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఎల్ సంగతి. మామూలు డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టుల మీద. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టుల మీద నడుస్తుంది, 1.5 ఇచ్చినా తట్టుకుంటుంది. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ల నుంచి డీడీఆర్3ఎల్ వాడే ల్యాప్‌టాప్‌లు 1.35 మాత్రమే ఇస్తాయి. అక్కడ మామూలు డీడీఆర్3 వేస్తే పడదు. కొన్నేళ్ల కిందట ఒక స్నేహితుడి నాలుగో తరం ల్యాప్‌టాప్ కోసం దుకాణానికి వెళ్లి "ల్యాప్‌టాప్ డీడీఆర్3, 8 జీబీ ఇవ్వండి" అని అడిగాను. అతను నేను అడిగిందే ఇచ్చాడు. ఇంటికొచ్చి వేస్తే తెర నల్లగానే ఉంది. గంటసేపు తీసి, వేసి, ల్యాప్‌టాప్ పాడైందేమోనని చెమటలు పట్టాక చీటీ చూస్తే పీసీ3 పక్కన ఎల్ లేదు. కవరు చించేశాను కాబట్టి వెనక్కి తీసుకోనన్నారు. డీడీఆర్3 యంత్రమైతే రెండో తరమైనా ఐదో తరమైనా పీసీ3ఎల్ కొనండి, రెంటికీ పనికొస్తుంది.

డీడీఆర్3కి 204 కాళ్లు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. బంగారు రంగు కాళ్ల మధ్యలో ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒక తరం ర్యామ్ ఇంకో తరం స్లాటులో దిగనే దిగదు. దిగడం లేదని బలం ఉపయోగిస్తే విరిగేది స్లాటే. ఆరో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లున్నవారు మరీ జాగ్రత్తగా చూసుకోండి. ఆ ప్రాసెసర్లు డీడీఆర్3ఎల్, డీడీఆర్4 రెండింటినీ తీసుకుంటాయి, కాబట్టి ఒకే ఏడాది వచ్చిన మోడళ్లలో కొన్నిటికి అది, కొన్నిటికి ఇది. డీడీఆర్4 చీటీ మీద పీసీ4 తరువాత నేరుగా 2400టీ అనో 2666వీ అనో ఉంటుంది, అక్కడ 8తో భాగించే పని లేదు.

వేగం విషయంలో అంత పట్టింపు అక్కర్లేదు. ఒక స్లాటులో 1333, ఇంకో దానిలో 1600 ఉంటే రెండూ 1333 దగ్గర నడుస్తాయి. జోడెద్దుల్లో నెమ్మదిగా నడిచే ఎద్దును బట్టే బండి నడక.

ఎంత వేయాలి?

4 నుంచి 8కి వెళ్లినప్పుడు కనిపించే తేడా 8 నుంచి 16కు వెళ్లినప్పుడు కనిపించదు. ఉత్తరాలు, ఎక్సెల్, బ్రౌజర్, జూమ్ ఇవే మీ పనులైతే మొత్తం 8 చాలు. ఫోటోషాప్, వీడియోలు కత్తిరించడం, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి ఉంటే 16 చూడండి. రెండు స్లాట్లలో సమానమైన ర్యామ్ ఉంటే రెండు దారుల్లో సమాచారం ఒకేసారి వెళ్తుంది, దీన్నే డ్యూయల్ చానల్ అంటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లు ర్యామ్‌లో కొంత భాగాన్నే బొమ్మలకు వాడుకుంటాయి కాబట్టి వాటికి దీనివల్ల ఇంకాస్త మేలు.

అలాగని పాత 4 జీబీని పారేసి సమానమైన జత కొననక్కర్లేదు. అక్క ల్యాప్‌టాప్‌లో పాత 4 జీబీ అలాగే ఉంచి ఖాళీ స్లాటులో 8 వేశాను. మొత్తం 12. ఇంటెల్ యంత్రాల్లో ఇలా ఎక్కువ తక్కువలున్నప్పుడు 4కు 4 జతకట్టి 8 జీబీ రెండు దారుల్లో నడుస్తుంది, మిగిలిన 4 ఒక దారిలో నడుస్తుంది. ఆ తేడా అక్క పనిలో మచ్చుకైనా కనబడదు.

కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో కొత్త ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. డీడీఆర్3 కొత్తది దొరకడమే తక్కువ. కాబట్టి పాత ల్యాప్‌టాప్‌కు వాడిన ర్యామ్ కొనడం తప్పేమీ కాదు. అందులో తిరిగేవీ అరిగేవీ ఏమీ ఉండవు, పదేళ్లు వాడినా పనిచేస్తుంటే పనిచేస్తున్నట్టే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొత్తవి, వాడినవి రెండూ దొరుకుతాయి. వెళ్లేటప్పుడు పాత ర్యామ్ ఫోటో ఫోనులో ఉంచుకోండి, వీలైతే ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్లండి. పడకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో అడిగి బిల్లు మీద రాయించుకోండి. చీటీ ఊడిపోయిన ర్యామ్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

తెరవడం

కావలసినవి: ప్లస్ గుర్తు కొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్, పనికిరాని పాత ఏటీఎం కార్డు, మంచి వెలుతురు, స్క్రూలు దాచుకోవడానికి గుంతపొంగణాల పెనం. నవ్వకండి. ఒక్కో మూల స్క్రూలు ఒక్కో గుంతలో వేసుకుంటే పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట పడదు. పొడుగుది తప్పుచోట బిగిస్తే లోపలి బోర్డును పొడుస్తుంది.

ఫైళ్లు ముఖ్యమైనవైతే ముందు ఒక కాపీ బయట పెట్టుకోండి. తరువాత ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపాలి. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే అది సగం నిద్రలోకే వెళ్తుంది, కాబట్టి షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. చార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడే రకమైతే అదీ తీసేయండి. అప్పుడు పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది.

పరుపు మీద, దుప్పటి మీద, తివాచీ మీద పని చేయకండి. చెక్కబల్ల మంచిది. స్వెట్టరు, నైలాన్ బట్టలు ఉంటే మార్చుకోండి. చలికాలం పొడిగాలిలో వాటికి స్థిర విద్యుత్తు పట్టి, చేతినుంచి చిటుక్కున దూకి చిప్పును చంపుతుంది. మీకు తెలియను కూడా తెలియదు. మొదలుపెట్టే ముందు స్టీలు కుళాయినో, రంగు వేయని ఏదైనా పెద్ద ఇనుప వస్తువునో ఒకసారి ముట్టుకోండి. పని మధ్యలో లేచి నడిచి వస్తే మళ్లీ ముట్టుకోండి.

2014కు ముందు వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లకు అడుగున ర్యామ్ కోసమే చిన్న తలుపు ఉంటుంది. ఒకటి రెండు స్క్రూలు విప్పితే చాలు. తరువాత వచ్చినవాటిలో అడుగు మూత మొత్తం తీయాలి. కనిపించే స్క్రూలన్నీ తీశాక కూడా మూత రాలేదంటే రబ్బరు కాళ్ల కింద, చీటీల కింద ఇంకా దాగి ఉన్నాయన్నమాట. అన్నీ తీశాక ఏటీఎం కార్డును సందులో దూర్చి అంచు వెంబడి మెల్లగా జరపండి. లోపలి ప్లాస్టిక్ కొక్కేలు టక్ టక్‌మని వదులుతాయి. మొదటిసారి ఆ చప్పుడు వింటే ఏదో విరిగిందని గుండె ఆగుతుంది, విరగదు. డీవీడీ డ్రైవ్ ఉంటే అది ముందు లాగేయాలి, చాలా మోడళ్లలో దాని కింద కూడా స్క్రూలుంటాయి. కొన్ని పాత మోడళ్లలో ఒక స్లాటు అడుగున, రెండోది కీబోర్డు కింద ఉంటుంది. అలాంటిది మీకు ఎదురైతే, కొత్తవారికి నా సలహా దుకాణానికి తీసుకెళ్లమనే.

బ్యాటరీ లోపలే ఉండే రకమైతే మూత తీయగానే మొదట దాని తీగల కనెక్టర్ ఊడదీయండి. తీగలు పట్టుకుని లాగకుండా ప్లాస్టిక్ భాగాన్ని గోటితో జరపాలి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపేయండి. దానికి స్క్రూడ్రైవర్ తగిలితే నిప్పు అంటుకోవచ్చు.

వేయడం

ర్యామ్‌ను ఎప్పుడూ అంచులతో పట్టుకోండి, బంగారు కాళ్లను వేలితో తాకకండి. పాతది తీయాలంటే రెండు పక్కలా ఉన్న చిన్న స్టీలు కొక్కేలను బొటనవేళ్లతో బయటికి నొక్కండి. ర్యామ్ దానంతటదే స్ప్రింగులా పైకి లేస్తుంది. అది లేచిన వాలులోనే బయటికి లాగాలి, నిలువుగా కాదు.

కొత్తది వేసేటప్పుడు గాటు, స్లాటులోని గట్టు ఎదురెదురుగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. బల్లకు ముప్పై డిగ్రీల వాలులో లోపలికి నెట్టండి. బంగారు కాళ్లు దాదాపు కనబడనంత లోపలికి దిగాలి, ఒక సన్నని గీత మాత్రమే మిగలాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సగం దిగగానే అయిపోయిందనుకుని కిందికి వంచేస్తారు, కొక్కేలు పట్టుకోవు, లేదా పట్టుకున్నా ల్యాప్‌టాప్ లేవదు. పూర్తిగా దిగిన తరువాత పై అంచును కిందికి వంచితే రెండు కొక్కేలూ ఒకేసారి టిక్కుమంటాయి. వినబడకపోతే తీసి మళ్లీ పెట్టండి.

మూత స్క్రూలన్నీ అప్పుడే బిగించకండి. బ్యాటరీ తగిలించి, మూత ఊరికే ఆనించి, ఒకసారి ఆన్ చేసి చూడండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

నిమిషం దాకా తెర నల్లగా ఉండవచ్చు. ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలు కావచ్చు. కొత్త ర్యామ్‌ను ల్యాప్‌టాప్ పరిచయం చేసుకుంటోంది, మీరు కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. కొన్ని మోడళ్లు మెమరీ మొత్తం మారిందని తెర మీద రాసి, కొనసాగించడానికి ఒక మీట నొక్కమంటాయి. నొక్కేయండి.

మూడు నిమిషాలైనా ఏమీ రాకపోయినా, బీప్ బీప్‌మని మోగుతున్నా ఆపి, కరెంటంతా తీసి, ర్యామ్‌ను మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. అయినా లేవకపోతే బంగారు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రిపేరు చేసేవాళ్లందరి జేబులోనూ ఆ రబ్బరు ముక్క ఉంటుంది. వాడిన ర్యామ్ మీద ఏళ్ల తరబడి పట్టిన సన్నని పొర దాంతో పోతుంది. రజను ల్యాప్‌టాప్‌లో పడకుండా దూరంగా రుద్ది దులపండి. అప్పటికీ లేవకపోతే కొత్తది ఒక్కదాన్నే వేసి, తరువాత పాతది ఒక్కదాన్నే వేసి, స్లాట్లు మార్చి చూడండి. పాతది రెండు స్లాట్లలోనూ పనిచేసి కొత్తది ఎక్కడా పనిచేయకపోతే దోషం కొత్తదానిదే, బిల్లు తీసుకుని వెళ్లండి.

విండోస్ తెరుచుకుంటే మళ్లీ టాస్క్ మేనేజర్ చూడండి. మొత్తం సరిగ్గా కనబడుతోందా, స్లాట్లు 2లో 2 అని ఉందా? హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్నచోట కొన్ని వందల మెగాబైట్లు ఉండటం మామూలే, అది గ్రాఫిక్స్ వాటా. ఏకంగా మూడు నాలుగు జీబీలు అక్కడ చిక్కుకుని ఉంటే ర్యామ్ సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ఆ రాత్రే పరీక్ష పెట్టండి. స్టార్ట్ మెనూలో మెమరీ డయాగ్నస్టిక్ అని ఇంగ్లిష్‌లో వెతికితే విండోస్‌తో వచ్చే పరీక్ష దొరుకుతుంది. అది ల్యాప్‌టాప్‌ను మళ్లీ మొదలుపెట్టి, నీలం తెర మీద పరీక్షించి, లోపాలుంటే తరువాత చెబుతుంది. వాడిన ర్యామ్ కొన్నవారు దీంతో తృప్తిపడకుండా మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, చార్జర్ పెట్టి, రాత్రంతా నడవనివ్వండి. ఉచితమే. తెల్లవారాక ఎర్ర గీత ఒక్కటి కనబడినా ఆ ర్యామ్ వద్దు. ఇదంతా మార్చి ఇచ్చే గడువు లోపలే జరగాలి. లోపం ఉన్న ర్యామ్ మొదటి వారం బాగానే ఉన్నట్టు నటించి, మీరు జీవితంలో ముఖ్యమైన ఫైలు రాస్తున్నప్పుడు విండోస్‌ను కుప్పకూల్చి నీలం తెర చూపిస్తుంది.

పరీక్షలో నెగ్గాక స్క్రూలన్నీ బిగించండి, మరీ బలంగా వద్దు.

ర్యామ్‌తో పోనివి

అక్క ల్యాప్‌టాప్‌లో అవే ట్యాబులు, అవే ఫైళ్లు తెరిచి చూస్తే 5 జీబీ చిల్లర వాడుకుంటోంది. శాతం 43. డిస్క్ గీత నేలకు దిగింది. అంటే ఇన్నాళ్లూ జీబీన్నర సరుకు అటక మీదే కాపురం ఉందన్నమాట. ట్యాబుల మధ్య చక్రం తిరగడం పోయింది. కానీ ఆన్ చేసినప్పుడు పట్టే సమయం పెద్దగా తగ్గలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే అప్పుడు సరుకంతా డిస్క్ నుంచే రావాలి. దానికి ఎస్ఎస్‌డీ వేయాల్సిందే. ర్యామ్, ఎస్ఎస్‌డీలలో ఒక్కదానికే డబ్బులున్నాయంటే నా లెక్క ఇది: 4 జీబీ యంత్రమై మెమరీ 90 దగ్గర ఉంటే ముందు ర్యామ్, 8 జీబీ ఉండి హార్డ్ డిస్క్ తిరుగుతుంటే ముందు ఎస్ఎస్‌డీ.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి పొడిగింపు పథకం 2026 అక్టోబర్ దాకా ఉంది. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను, ఏవో కొన్నిటిని తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, మీరు ర్యామ్ ఎంత పెంచినా. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లైనక్స్ మింట్ మాత్రం వీటి మీద హాయిగా నడుస్తుంది. ఎక్సెల్‌తోనే పని ఉన్న అక్కను దానికి ఒప్పించడానికి ఇంకా తంటాలు పడుతున్నాను.

వేసవి సెలవుల్లో ఎస్ఎస్‌డీ కూడా వేశాం. తీసిన 500 జీబీ హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇచ్చాను. పదేళ్ల ప్రశ్నపత్రాలు, పిల్లల పుట్టినరోజు ఫోటోలు ఇప్పుడు అందులోనే ఉన్నాయి, బీరువాలో, అక్క పట్టుచీరల మధ్య.